కనుమ దారిలో డీజిల్ వేడి: అమెరికా నైరుతి ఎడారుల్లో బరువు లాగిన వాహనాల చరిత్ర

వ్యాససంగ్రహం

ఒక వాహనం ఎంత బరువు లాగగలదనే ప్రశ్నకు సమాధానాన్ని సాధారణంగా ఇంజిన్ బలంలో వెతుకుతారు. అమెరికా నైరుతి ఎడారుల రవాణా చరిత్రను పరిశీలిస్తే, తనలో పుట్టిన వేడిని వదిలించుకోగల సామర్థ్యమే ఆ హద్దును నిర్ణయించిందని తెలుస్తుంది. 1883 నాటి కంచరగాడిదల బండ్ల నుంచి 2008 నాటి లాగుడు ప్రమాణం వరకు ఈ సమస్య ఏయే రూపాలు ధరించిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డీజిల్ ఇంజిన్, ఉష్ణం, రేడియేటర్, కనుమ దారి, ట్రైలర్, డెత్ వ్యాలీ, డేవిస్ డ్యామ్.

1. ఉపోద్ఘాతం

ఇంధనం మండినప్పుడు వెలువడే శక్తి అంతా చక్రాలకు చేరదు. రోడ్డు మీది డీజిల్ ఇంజిన్‌లో స్థూలంగా మూడోవంతు, లేదా అంతకు కొంచెం ఎక్కువ భాగం పనిగా మారుతుంది. మిగిలిన దానిలో అధికభాగం పొగతో బయటికి పోగా, దాదాపు పావువంతు ఇంజిన్‌ను చల్లబరిచే నీటిలోకి చేరుతుంది. ఖాళీగా నడిచే డీజిల్ వాహనం చల్లగానే ఉంటుంది. వెనుక ట్రైలర్ తగిలించి, మండుటెండలో కనుమ ఎక్కించినప్పుడే దాని అసలు పరీక్ష మొదలవుతుంది. సాంకేతిక చరిత్ర రచనలో అశ్వశక్తికి దక్కిన స్థానం ఈ వేడికి దక్కలేదు. ఆ లోటును ఒక ప్రాంతం ఆధారంగా పరిశీలించవచ్చు.

2. నీటిని మోసిన బండ్లు

కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో 1883 నుంచి 1888 వరకు హార్మొనీ కర్మాగారం వెలిగారాన్ని తయారుచేసింది. అక్కడి నుంచి మొహావీ రైలు స్టేషన్ దాదాపు 265 కి.మీ. దూరం. 18 కంచరగాడిదలు, 2 గుర్రాలు కలిసి రెండు పెద్ద బండ్లను, వాటి వెనుక 4,500 లీటర్లకు పైగా పట్టే నీటితొట్టిని లాగేవి. మొత్తం బరువు సుమారు 33 టన్నులు. ఒకవైపు ప్రయాణానికే పది రోజులు పట్టేది. సరుకుతోపాటు లాగే జంతువులను నిలబెట్టే నీటిని కూడా లాగవలసి రావడం ఈ ఏర్పాటులోని ముఖ్యాంశం. వేసవిలో వెలిగారపు ద్రావణం స్ఫటికాలుగా గట్టిపడేంతగా చల్లారకపోవడంతో, యజమాని విలియం కోల్‌మన్ ఆ నెలల్లో పనిని అమార్గోసాకు తరలించేవాడు. ఉత్పత్తికీ రవాణాకీ హద్దు గీసింది ఎండే.

3. డీజిల్ సిద్ధాంతమూ నీటితొడుగూ

ఇదే కాలంలో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ తన ఉష్ణయంత్ర సిద్ధాంతాన్ని రూపొందించాడు. చల్లబరచడమంటే విలువైన వేడిని పారబోయడమేనని ఆయన భావన. అందుకే 1893లో ఆగ్స్‌బర్గ్‌లో నిర్మించిన తొలి ప్రయోగ యంత్రానికి నీటితొడుగు లేదు. అనుభవం ఆ భావనను సవరించింది. 1897లో ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ పరీక్షించి 26.2 శాతం సామర్థ్యాన్ని నమోదు చేసిన యంత్రానికి నీటితొడుగు ఉంది. ఆ రోజుల ఆవిరియంత్రాలతో పోలిస్తే అది గొప్ప విజయం. అయినా నాలుగింట దాదాపు మూడు వంతుల శక్తి పనిగా మారకుండానే పోతున్నది. ఆ వేడికి దారి చూపే బాధ్యత తరువాతి తరాల ఇంజనీర్ల మీద పడింది.

4. బ్లాక్ మౌంటెన్స్ ఎక్కుడు

1926లో గుర్తింపు పొందిన 66వ నంబరు జాతీయ రహదారి, ఆరిజోనాలోని బ్లాక్ మౌంటెన్స్‌ను సిట్‌గ్రీవ్స్ కనుమ గుండా దాటేది. నిటారు మలుపుల్లో రేడియేటర్లు మరిగిపోయేవి. ప్రయాణికులు బండి ముందు గుడ్డ నీటిసంచులు వేలాడదీసుకునేవారు. 1950ల తొలినాళ్లలో రహదారిని కొండలు తప్పించి మళ్ళించారు.

ఈ మరుగుడుకు కారణాన్ని ఒక లెక్కతో గ్రహించవచ్చు. వాహనం, ట్రైలర్ కలిసి 10 టన్నుల బరువుతో 900 మీటర్ల ఎత్తు ఎక్కాయనుకుందాం. ఆ ఎత్తుకు చేరడానికే 88 మెగాజౌళ్ల పని కావాలి. సామర్థ్యం 35 శాతమైతే దాదాపు 7 లీటర్ల డీజిల్ మండాలి. అందులో పావువంతు, అంటే సుమారు 63 మెగాజౌళ్లు నీటిలోకి చేరుతుంది. గాలి ఏమాత్రం సాయపడకపోతే ఆ వేడి 25 లీటర్ల నీటిని ఆవిరి చేయగలదు. గాలి నిరోధం, చక్రాల రాపిడి ఈ లెక్కలో చేరలేదు.

వేసవిలో గాలి చేసే సాయమూ తగ్గుతుంది. రేడియేటర్ వదిలే వేడి, లోపలి ద్రవానికీ బయటి గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. ద్రవం 105 డిగ్రీల వద్ద, గాలి 15 డిగ్రీల వద్ద ఉంటే తేడా 90. గాలి 40 డిగ్రీలకు చేరితే తేడా 65కు పడిపోతుంది. మిగతావన్నీ సమానంగా ఉన్నా శీతలీకరణ శక్తిలో పావువంతుకు పైగా కోల్పోయినట్లే. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, తెరిచి ఉన్న పాత్రలో నీటి మరుగు స్థానం కూడా దిగుతుంది. ఒత్తిడిని నిలిపే రేడియేటర్ మూతలు, గ్లైకాల్ కలిపిన ద్రవం మరుగు స్థానాన్ని పెంచి ఈ ఇబ్బందిని కొంత తీర్చాయి.

5. దిగుడులో అదే సమస్య

ఎక్కేటప్పుడు ఇంజిన్‌లో పుట్టే వేడి, దిగేటప్పుడు బ్రేకుల్లో పుడుతుంది. ఎత్తున నిలువ ఉన్న శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా మారక తప్పదు. 1931లో క్లెస్సీ కమిన్స్ తన డీజిల్ ఇంజిన్ అమర్చిన లారీలో అమెరికాను తూర్పు నుంచి పడమరకు దాటుతూ కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగాడు. బ్రేకులు పనిచేయక, దారికి అడ్డంగా పోతున్న గూడ్సు రైలును వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఇంజిన్‌నే నిరోధంగా వాడి, గాలిని నొక్కించి, ఆ శక్తిని ఎగ్జాస్ట్ ద్వారా వదిలించే బ్రేకును తరువాత ఆయన రూపొందించాడు. జేకబ్స్ సంస్థ దానిని 1961లో విపణిలోకి తెచ్చింది. బ్రేకు డ్రమ్ములు మోయవలసిన వేడిలో కొంత భాగానికి మరో దారి ఏర్పడింది.

6. పొగ నుంచి నీటిలోకి

వేడిని తరలించడంలో ప్రతి పరిష్కారమూ కొత్త బరువును తెచ్చింది. టర్బోఛార్జర్ వల్ల ఇంజిన్ పరిమాణం పెరగకుండానే బలం పెరిగింది. కానీ నొక్కిన గాలి వేడెక్కుతుంది కనుక దానిని చల్లార్చే మరో పరికరం కావలసివచ్చింది. ఏసీ కండెన్సర్, గేరుపెట్టె నూనెను చల్లార్చే పరికరం కూడా రేడియేటర్‌కు ముందే చేరడంతో, దాకా వచ్చే గాలి అప్పటికే వేడెక్కి ఉంటున్నది.

నత్రజని ఆక్సైడ్లను తగ్గించే నిబంధనలు మరో మలుపు. 2002 నుంచి అమెరికా భారీ డీజిల్ ఇంజిన్లలో, పొగలో కొంత భాగాన్ని చల్లార్చి తిరిగి సిలిండర్లలోకి పంపే పద్ధతి విస్తరించింది. అంతకుముందు పొగగొట్టం గుండా ఆకాశంలో కలిసే వేడిలో కొంత, దీనివల్ల ఇంజిన్ నీటిలోకి మళ్ళింది. ఊపిరి పీల్చే గాలి శుభ్రపడినందుకు చెల్లించిన మూల్యంలో కొంత రేడియేటర్ మోసింది.

7. డేవిస్ డ్యామ్ ప్రమాణం

చాలాకాలం వాహన సంస్థలు తమ వాహనాల లాగుడు సామర్థ్యాన్ని తమ సొంత పద్ధతుల్లోనే నిర్ణయించుకున్నాయి. ఆ అంకెలను పోల్చి చూసే ఉమ్మడి కొలబద్ద లేదు. పోటీ పెరిగేకొద్దీ అంకెలూ పెరిగాయి. ఈ పరిస్థితిలో ఎస్.ఏ.ఈ. సంస్థ 2008లో జె2807 అనే ప్రమాణాన్ని వెలువరించింది. దాని పరీక్షల్లో ప్రధానమైనది డేవిస్ డ్యామ్ ఎక్కుడు. బుల్‌హెడ్ సిటీ దగ్గర నుంచి యూనియన్ కనుమ వైపు సాగే ఈ దారి పొడవు 18 కి.మీ.కు పైగా, ఎక్కవలసిన ఎత్తు సుమారు 900 మీటర్లు. గాలి ఉష్ణోగ్రత కనీసం 38 డిగ్రీలు ఉండాలి. ఏసీ పూర్తి స్థాయిలో నడవాలి. సాధారణ పికప్ వేగం గంటకు 64 కి.మీ.కు తగ్గకూడదు. యూనియన్ కనుమ కూడా బ్లాక్ మౌంటెన్స్‌లోనిదే కావడం గమనార్హం. ఒకనాడు నీటిసంచులతో దాటిన కొండవరుసే కొలబద్దగా మారింది.

టయోటా 2011 నమూనాలతో ఈ ప్రమాణాన్ని ముందుగా స్వీకరించింది. అమెరికా పెద్ద సంస్థలు 2015 నమూనాల ప్రాంతంలో దీనివైపు వచ్చాయి. ఇది స్వచ్ఛంద ప్రమాణమే, చట్టం కాదు. అయినా ప్రకటనలోని అంకె వెనుక ఒక వేసవి మధ్యాహ్నపు పరీక్ష నిలబడింది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, లాగుడు సామర్థ్యం ఉష్ణానికి సంబంధించిన అంకె. గాలి, ఎత్తు, వాలు మారితే దాని అర్థమూ మారుతుంది. రెండు, ఈ చరిత్రలో వేడిని ఎవరూ రూపుమాపలేదు. నీటితొట్టిలోకో, ఒత్తిడి మూతలోకో, ఎగ్జాస్ట్‌లోకో తరలించారు. మూడు, ప్రమాదాన్ని గుర్తించే బాధ్యత చేతులు మారింది. ఒకప్పుడు ఆవిరి వాసన, ముల్లు కదలిక చూసి బండి ఆపడం డ్రైవరు విజ్ఞత. నేడు ద్రవం వేడెక్కితే కంప్యూటరే ఇంజిన్ బలాన్ని తగ్గిస్తుంది. యంత్రం కాపాడుతుందన్న నమ్మకంతో ఎక్కువ బరువు తగిలిస్తే, ఎక్కుడులో మిగిలేది వేగం పడిపోయిన బండి. దిగుడులో మాత్రం ప్రాణాలే పణంగా ఉంటాయి. అందువల్ల రవాణా చరిత్రను రాసేవారు రోడ్లు, ఇంజిన్లతోపాటు వేడి నడిచిన దారినీ నమోదు చేయడం అవసరం.