పెట్టె చుట్టూ ఎర్ర గీత

ఈ వారం ఆఫీసులో నా వంతుకు వచ్చిన టికెట్ చాలా చిన్నది. వెబ్ అప్లికేషన్‌లో ఒక ఫారం ఉంది, అందులో తప్పుగా నింపిన గడి చుట్టూ ఎర్ర గీత రావాలి. అంతే. రెండు గంటల పని, చేసి పంపేశా. కానీ రాత్రి గిన్నెలు కడుగుతుంటే ఆ గీతే బుర్రలో తిరిగింది. మనం ఈ దేశంలో అడుగు పెట్టింది ఫారం నింపి, ఉంటున్నది ఫారం నింపి, అమ్మానాన్నల్ని చూసి తిరిగి రావాలన్నా మళ్ళీ ఫారమే. ఆ ఫారాల్లో తప్పు పడితే "ఇదిగో ఇక్కడ, దిద్దుకో" అని చూపించినవి ఎన్ని? చూపించకుండా మొత్తం కాగితాల కట్ట వెనక్కి కొట్టినవి ఎన్ని? కాస్త పాత సంగతులు తవ్వాను. పెద్ద పోస్టే, వీకెండ్ తీరిగ్గా చదవండి.

తప్పు ఎక్కడుందో మెషిన్ చెప్పడం కంప్యూటర్ తెర కన్నా పాత ముచ్చట. పంచ్ కార్డుల కాలంలో, అంటే 1950ల్లో, అమెరికా ఆఫీసుల్లో ఐబీఎం 056 అనే వెరిఫయర్ ఉండేది. ఒకావిడ కీపంచ్ మీద కార్డులో కన్నాలు పొడిచేది. అదే కాగితం చూసి ఇంకొకావిడ వెరిఫయర్ మీద మళ్ళీ మొత్తం కొట్టేది. కొట్టింది, కన్నం ఒకటైతే మెషిన్ ముందుకు పోతుంది. తేడా వస్తే ఆగిపోతుంది. మళ్ళీ మళ్ళీ కొట్టినా కలవకపోతే ఆ కార్డు పై అంచున, సరిగ్గా ఆ తప్పు కాలమ్ నెత్తి మీద, చిన్న గాటు పెడుతుంది. కార్డు మొత్తం సరిగ్గా ఉంటే కుడి అంచున గాటు. 80 కాలమ్‌ల కార్డులో ఏ కాలమ్ తప్పో వేలితో తడిమి చెప్పొచ్చు అన్నమాట. మన ఎర్ర గీతకి ముత్తాత ఆ గాటే అని నాకనిపిస్తుంది. రంగు లేదు, తెర లేదు, అయినా చెప్పాల్సింది చెప్పింది.

తర్వాత 1971లో ఐబీఎం 3270 టెర్మినల్స్ వచ్చాయి. ఇక్కడ మనోళ్ళ కథ మొదలవుతుంది. 1990ల చివర అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని వై2కె పని మీద విమానం ఎక్కిన అన్నలు ఈ గ్రూపులో చాలామందే ఉన్నారు. వాళ్ళకి నేను చెప్పేదేముంది, కానీ తర్వాత వచ్చిన పిల్లల కోసం చెబుతున్నా. నల్ల తెర మీద పచ్చ అక్షరాలు. సీఐసీఎస్ ప్రోగ్రాంలో యూజర్ తప్పు కొడితే, ఆ ఫీల్డ్ పేరు చివర ఎల్ అనే అక్షరం తగిలించిన వేరియబుల్‌లోకి మైనస్ ఒకటి మూవ్ చేసేవాళ్ళు. పొడవు ఎక్కడైనా మైనస్ ఒకటి ఉంటుందా? ఉండదు. అది ఒక సైగ: కర్సర్‌ని తీసుకెళ్ళి ఈ గడిలో కూర్చోబెట్టు అని. పక్కనే ఆ ఫీల్డ్ ఎట్రిబ్యూట్‌లో డీఎఫ్‌హెచ్‌బీఎంబీఆర్‌వై పెడితే ఆ గడి మిగతా వాటికన్నా కాంతిగా వెలిగేది. అడుగున ఒక లైను మెసేజ్. ఈ కాలపు ఏ ఫ్రేమ్‌వర్క్ చేసే పనైనా సారాంశంలో ఇదే: ఎక్కడ, ఏంటి, అక్కడికే తీసుకెళ్ళు. అమెరికా కాంగ్రెస్ 1998లో హెచ్‌-1బి కోటాని 65 వేల నుంచి 1 లక్షా 15 వేలకి పెంచింది, 2000లో ఇంకో చట్టంతో 1 లక్షా 95 వేలు చేసింది. ఆ సీట్లలో వచ్చి బ్యాంకుల కోసం, ఇన్సూరెన్స్ కంపెనీల కోసం ఫీల్డులు వెలిగించినవాళ్ళకి తమ సొంత ఫారాల్లో మాత్రం ఆ వెలుగు దొరకలేదు.

వెబ్ సంగతి త్వరగా చెప్పేస్తా, మీకందరికీ తెలిసిందే. 1995 నవంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0లో ఫారం ఉంది కానీ చెకింగ్ లేదు. నింపి పంపితే సర్వర్ దాకా వెళ్ళి, తప్పుంటే మళ్ళీ పేజీ వెనక్కి రావాలి, డయలప్ మోడెమ్ మీద. అదే ఏడాది మే నెలలో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్‌లో పది రోజుల్లో జావాస్క్రిప్ట్ మొదటి రూపం తయారుచేశాడు. ఆ భాషని జనం మొట్టమొదట వాడుకున్న పనుల్లో ఒకటి ఇదే: పంపకముందే బ్రౌజర్‌లోనే గడులు చూడటం. 2014లో హెచ్‌టీఎంఎల్5 ప్రమాణం అయ్యేసరికి "రిక్వైర్డ్" అని ఒక్క మాట రాస్తే చాలు, బ్రౌజరే ఆపేస్తుంది.

ఇక అసలు కథ. ఇది మన గ్రీన్ కార్డు కథ.

2005 మార్చి 28న లేబర్ డిపార్ట్‌మెంట్ పెర్మ్ మొదలుపెట్టింది. అంతకు ముందు లేబర్ సర్టిఫికేషన్ అంటే ఏళ్ళకేళ్ళు. పాత ఫైళ్ళన్నీ డల్లాస్, ఫిలడెల్ఫియా బ్యాక్‌లాగ్ సెంటర్లలో అట్టపెట్టెల్లో మూలుగుతుండేవి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఈటీఏ 9089 నింపితే చాలు అన్నారు. మనవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఫారంలో రెండు ఆదివారాల పేపర్ ప్రకటనల తేదీలు వేయాలి, ఎందుకంటే ప్రొఫెషనల్ ఉద్యోగానికి రెండు వేర్వేరు ఆదివారాలు పేపర్లో ప్రకటన ఇవ్వాలని రూలు.

హెల్త్‌అమెరికా అనే యజమాని వేసిన దరఖాస్తులో ఒక ప్రకటన తేదీ తప్పు పడింది. పేపర్లో ప్రకటన నిజంగానే ఆదివారమే వచ్చింది, చింపి దాచుకున్న పేపర్ పేజీ కూడా ఉంది. కానీ ఫారంలో టైప్ చేసిన తేదీ సోమవారం అయింది. టైపింగ్ పొరపాటు. దరఖాస్తు తిరస్కరించారు. పేపర్ పేజీ పంపి "బాబూ, పొరపాటు, ఇదిగో రుజువు" అని అడిగితే, పునఃపరిశీలనకి కూడా ఒప్పుకోలేదు.

ఇక్కడ నాలాంటివాడికి కడుపు మండుతుంది. తేదీ ఇస్తే అది ఏ వారమో చెప్పడం కంప్యూటర్‌కి ఒక్క లైను పని. "మీరు వేసిన తేదీ ఆదివారం కాదు, చూసుకోండి" అని ఆ గడి పక్కన ఒక్క ముక్క పడి ఉంటే పది సెకన్లలో దిద్దుకునేవాళ్ళు. తప్పుని కనిపెట్టే తెలివి ఆఫీసు దగ్గర ఉంది, కాకపోతే దాన్ని సబ్మిట్ నొక్కకముందు కాకుండా నొక్కాక వాడారు.

యజమాని అప్పీలు చేశాడు. 2006 జూలై 18న అప్పీళ్ళ బోర్డు బాల్కా, సభ్యులంతా కూర్చుని, యజమాని వైపు తీర్పు ఇచ్చింది. రుజువు చేతిలో పెడుతుంటే అధికారి చూడనని కూర్చోవడం సరికాదన్నది దాని సారం. పెర్మ్ మొదలయ్యాక వచ్చిన తొలి పెద్ద తీర్పుల్లో ఇదొకటి, లాయర్లు ఇప్పటికీ దాని పేరు తలుచుకుంటారు.

ఈ తీర్పు ఎందుకు అంత ముఖ్యమో మనకి విడమర్చి చెప్పక్కర్లేదు. పెర్మ్ వేసిన రోజే ప్రయారిటీ డేట్. అది పోతే వరుసలో మన చోటు పోతుంది. మళ్ళీ ప్రకటనలు, మళ్ళీ నెలలు, మళ్ళీ కొత్త తేదీ. ఆరేళ్ళు దాటాక హెచ్‌-1బి పొడిగింపు కూడా ఆ లేబర్ ఎప్పుడు వేశారన్నదాని మీదే ఆధారపడుతుంది. ఒక అంకె తేడా పడితే పిల్లాడి స్కూలు దాకా లెక్క మారిపోతుంది.

గెలుపు ఎక్కువ కాలం నిలవలేదు. 2007 మే 17న డిపార్ట్‌మెంట్ కొత్త రూలు ప్రకటించింది, జూలై 16 నుంచి అమలు. ఆ తేదీ తర్వాత వేసిన దరఖాస్తుల్లో ఏ మార్పుకీ ఒప్పుకోరు. అక్షరం తప్పయినా సరే. మనవాళ్ళలో చాలామందికి ఆ రూలు ఇంకో కారణంగా గుర్తు: లేబర్ సబ్‌స్టిట్యూషన్ రద్దయింది అందులోనే. సర్టిఫికెట్‌కి 180 రోజుల గడువు పెట్టింది, లాయర్ ఖర్చు యజమానే పెట్టుకోవాలన్నది కూడా అందులోనే. అవి మంచివే, సబ్‌స్టిట్యూషన్ పేరుతో జరిగిన బేరాలు మనకి తెలియనివా! కానీ ఆ మంచి చాటున ఈ "దిద్దుబాటు లేదు" కూడా లోపలికి వచ్చేసింది. ఆ జూలైలో మన దృష్టంతా వేరే చోట ఉంది లెండి. వీసా బులెటిన్ తెరిచి మూసేశారని యూఎస్‌సీఐఎస్ డైరెక్టర్‌కి గాంధీగిరి అంటూ పూలు పంపుతున్నాం.

బాల్కా ముందుకే వచ్చిన ఇంకో కేసు ఇంకా విచిత్రం. ఫెడరల్ ఇన్సూరెన్స్ కంపెనీ కేసు, 2009 ఫిబ్రవరి. కొన్ని దరఖాస్తుల్లో "చదువు, శిక్షణ, అనుభవం ఏ కలయికైనా సరే" అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి పెట్టాలి, కెల్లాగ్ లాంగ్వేజ్ అంటారు. అది రాయలేదని తిరస్కరించారు. బోర్డు చూస్తే ఆ వాక్యం రాయడానికి ఫారంలో ప్రత్యేకంగా గడే లేదు! లేని గడి నింపలేదని తిరస్కరించడం కుదరదని తేల్చింది.

అదే 2009లో హెచ్‌-1బి వైపు తిరగబడ్డ కథ నడిచింది. ఎల్‌సీఏలు ఐసెర్ట్ అనే కొత్త సైటుకి మారాయి. అది యజమాని పన్ను నంబరుని ఒక డేటాబేస్‌తో పోల్చి చూసేది. అందులో లేకపోతే తిరస్కరణ. నంబరు నిఖార్సయినదే, డేటాబేస్‌లోనే లేదు. సరైన గడి చుట్టూ ఎర్ర గీత! నంబరు నిజమేనని కాగితాలు పంపి, ఎల్‌సీఏ మళ్ళీ వేసుకోవాల్సి వచ్చేది. ఈలోగా ఐ-94 గడువు దగ్గరపడుతుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. చివరికి యూఎస్‌సీఐఎస్ దిగివచ్చి, 2009 నవంబరు 5 నుంచి 120 రోజుల పాటు, ఎల్‌సీఏ వేసి ఏడు రోజులైతే సర్టిఫై కాకపోయినా పిటిషన్ తీసుకుంటామంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది మాత్రం మన హెచ్‌-1బి వాళ్ళది కాదు. ఆశ్రయం కోరే వాళ్ళది. 2019 చివర్లో యూఎస్‌సీఐఎస్ ఒక పద్ధతి పెట్టింది: ఐ-589లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా దరఖాస్తు తీసుకోం. ఆ ఏడాది ఆఖరుకి నేర బాధితుల యూ వీసా ఫారానికీ అదే. మిడిల్ నేమ్ లేదా? ఖాళీ వదిలితే వెనక్కి. నలుగురు తోబుట్టువులకి గడులుంటే ఇద్దరి పేర్లే రాశావా? మిగతా రెండూ ఖాళీ, వెనక్కి. "వర్తించదు" అని ప్రతి గడిలో రాయాలట.

మన డీఎస్-160 కూడా ఖాళీ ఒప్పుకోదు, నిజమే. "డస్ నాట్ అప్లై" పెట్టెలో టిక్ పెట్టమంటుంది. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ లేకపోతే ఎఫ్‌ఎన్‌యూ అని వేయమంటుంది. అలా ఎంతమంది ఇక్కడ "ఎఫ్‌ఎన్‌యూ గారూ" అని పిలిపించుకుంటున్నారో! కానీ అది తెర మీద ఫారం. వదిలేస్తే ఎర్ర అక్షరాల్లో అప్పుడే చెబుతుంది, దిద్దుకుని ముందుకు పోతాం. ఐ-589 అప్పట్లో కాగితం. పోస్టులో వేస్తే వెళ్ళి, వారాల తర్వాత కట్టగా తిరిగి వస్తుంది. సాఫ్ట్‌వేర్ రూలుని కాగితం మీద రుద్దారు, సాఫ్ట్‌వేర్ చేసే సాయం మాత్రం ఇవ్వలేదు. ఆశ్రయం దరఖాస్తుకి దేశంలోకి వచ్చిన ఏడాదిలోపు అనే గడువుంది. కట్ట అటూ ఇటూ తిరిగేలోపు ఆ గడువు దాటిపోతే?

2020 నవంబరులో కాలిఫోర్నియా ఉత్తర జిల్లా ఫెడరల్ కోర్టులో క్లాస్ యాక్షన్ పడింది. డిసెంబరు 28 నుంచి ఆ పద్ధతి ఆపేశారు. 2021 ఏప్రిల్ 1న యూఎస్‌సీఐఎస్ బహిరంగంగా చెప్పింది, పాత పద్ధతికి వెళ్ళామని. జూలైలో రాజీ కుదిరింది: అలా వెనక్కి కొట్టిన దరఖాస్తులకి మొదటిసారి అందిన తేదీనే లెక్క కడతారు. ఐ-589 ఆన్‌లైన్‌లో వేసే వీలు 2022 నవంబరులో గానీ రాలేదు. పెర్మ్ ఫారం కూడా 2023 జూన్ 1 నుంచి ఫ్లాగ్ అనే కొత్త సైటుకి మారింది. ఉద్యోగం వివరాలు ప్రివైలింగ్ వేజ్ ఫారం నుంచే వస్తాయి, మళ్ళీ టైప్ చేసే బాధ కొంత తగ్గింది. అయినా మీ లాయర్ డ్రాఫ్ట్ పంపితే క్యాలెండర్ పక్కన పెట్టుకుని ఆదివారాలు చూస్కోండి. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని పేరు అక్షరం అక్షరం చూస్కోండి. లాయర్ విసుక్కున్నా పర్లేదు.

ఇంతకీ నా టికెట్ సంగతి. పొద్దున చూస్తే టెస్టర్ మళ్ళీ తెరిచేసింది. ఆవిడ తెరని బూడిద రంగులోకి మార్చి స్క్రీన్‌షాట్ పెట్టింది. అందులో నా ఎర్ర గీతకీ మామూలు గీతకీ తేడా తెలియట్లేదు. రంగు ఒక్కదానితోనే ఏదీ చెప్పొద్దని డబ్ల్యూ3సీ వాళ్ళు 1999లోనే రాశారు, 2008 మార్గదర్శకాల్లో ఇంకా తేటగా రాశారు: తప్పున్న గడి ఏదో గుర్తించాలి, తప్పేంటో అక్షరాల్లో చెప్పాలి అని. యూరప్ మూలాల మగవాళ్ళలో పన్నెండు మందిలో ఒకరికి ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. అసలు చూపే లేక స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళకి నా గీత ఉన్నట్టే తెలియదు. "తప్పు ఉందని చెప్పావు సరే, ఏం తప్పో ఎవరు చెప్తారు?" అని కామెంట్ రాసింది. సోమవారం ఆ ముక్క రాసి, ఏరియా-ఇన్‌వాలిడ్ పెట్టి మళ్ళీ పంపాలి.