బొడ్డెమ్మ

తెలంగాణలో పెళ్లికాని ఆడపిల్లలు ఆడే పండుగ. భాద్రపద బహుళంలో మొదలై పెత్రమాసలోపు ముగుస్తుంది. ఆ అమావాస్య నాడే బతుకమ్మ పండుగ తొలిరోజైన ఎంగిలిపూల బతుకమ్మ వస్తుంది. బతుకమ్మ వైభవం ముందు బొడ్డెమ్మను చిన్న పండుగగా చూడటం సరికాదు, ఇది పూర్తిగా పిల్లలది.

పుట్టమన్ను తెచ్చి, పైకి పోనుపోను సన్నబడే అంతస్తుల గద్దె కడతారు. జాజు పూసి, ముగ్గులు దిద్ది, తంగేడు, గునుగు, బీర పూలతో అలంకరించి, పైన కలశం నిలుపుతారు. పొద్దుగూకే వేళ చుట్టూ తిరుగుతూ చప్పట్లతో పాడతారు. చిన్నవాళ్లకు పాటలు అక్కల నోటి నుంచే వస్తాయి. వాకిట్లో గద్దె కట్టే చోటు లేకుంటే చెక్కపీట మీద చేసే పీట బొడ్డెమ్మ ఉంది; హైదరాబాద్‌లోని కోకాపేట లాంటి చోట్ల బహుళ అంతస్తుల ఇళ్లకు నప్పేది ఇదే. చివరి రోజు చెరువులోనో బావిలోనో నిమజ్జనం చేసి ఫలహారం పంచుకుంటారు.

జపాన్‌లో మార్చి 3న జరిగే హినమత్సురి కూడా ఆడపిల్లల పండుగే. ఎర్రబట్ట పరచిన మెట్ల మీద రాజదంపతుల బొమ్మలు పేరుస్తారు. పాప మొదటి పండుగకు అమ్మమ్మ తాతయ్యలు బొమ్మలు కానుకగా ఇవ్వడం అక్కడి ఆచారం. అవి ఏళ్ల తరబడి ఇంట్లో ఉంటాయి. బొడ్డెమ్మను మాత్రం ఏటా కొత్త మట్టితో చేయాల్సిందే. అయితే కొన్ని జపాన్ ఊళ్లలో, బొడ్డెమ్మ నిమజ్జనంలాగే, కాగితపు బొమ్మలను ఏటిలో వదిలే నగాషిబిన అనే పద్ధతి నేటికీ ఉంది.