రెండు ఇంజిన్ల బోటుకు మూడు బ్యాటరీలు ఎందుకు?

ఒక ఇంజిన్ ఆగినా ఒడ్డుకు చేరేందుకే బోటుకు రెండో ఇంజిన్. రెండింటికీ ఒకే బ్యాటరీ ఉంటే, అది డౌన్ అయిన రోజు నది మధ్యలో ఏదీ స్టార్ట్ కాదు. అందుకే ఇంజిన్‌కు ఒకటి చొప్పున రెండు, లైట్లు, వైర్‌లెస్ సెట్‌కు మూడోది ఉండాలి.

ఛార్జింగ్ ఎలా?: ప్రతి ఇంజిన్ ఆల్టర్నేటర్ ముందు తన బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. 12 వోల్టుల బోటులో వోల్టేజీ సుమారు 13.3కు చేరాక ఆటోమేటిక్ రిలే మూడో బ్యాటరీని కలుపుతుంది. 12.8 దాకా పడితే విడదీస్తుంది. దాంతో రాత్రంతా లైట్లు వెలిగినా స్టార్టింగ్ బ్యాటరీలు ఖాళీ కావు.

జాగ్రత్తలు: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేస్తే ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోవచ్చు. బోటు అడుగున చేరే నీటిని తోడే పంపుకు మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు అందాలి.

ఎక్కేవారు: ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం-2021 ప్రకారం ఇంజిన్ బోటుకు సర్వే సర్టిఫికెట్ తప్పనిసరి. టికెట్ కొనే ముందు అడగండి.