రాజా దీన్‌దయాళ్: సర్కారు కొలువునుండి ఛాయాచిత్ర వృత్తికి

మా యింటి నడవలో గోడమీద ఒక పాత పటము కలదు. అందు ఐదుగురు కలరు. కుర్చీలో కూర్చున్నవారు మా తాతగారు. వారి ప్రక్కన నిలిచినది మా నాయనమ్మగారు. కరీంనగరు ప్రాంతమునుండి బొంబాయి మిల్లులకు పని వెదకికొనుచు వచ్చిన తరము వారిది. తక్కిన మువ్వురెవరో చెప్పగలవారు ఇప్పుడు మా కుటుంబమున ఒక్కరును లేరు. ఆ పటము తీసిన వాని పేరును తెలియదు. ముప్పదియెనిమిదేండ్లు ఒక కార్యాలయమున గుమాస్తాగా కాగితములకు సంఖ్యలు వేసి, దస్తరములు కట్టి విశ్రాంతి గొన్న మాకు ఈ సంగతి తలపునకు వచ్చినప్పుడెల్ల సిగ్గు కలుగుచుండును.

గత సంవత్సరము మన సంఘమునకు చెందిన ఒక యింట ఒక తగవు వచ్చెను. చదువుకొని నెలజీతము తెచ్చుచున్న కుమారుడు ఉద్యోగము మాని ఫోటోలు తీయు వృత్తిలో దిగెదననెను. తండ్రి మమ్ము పిలిపించి, "అన్నా, ఇన్నేండ్లు నౌకరి చేసినోళ్లు మీరు. మీరన్న వానికి జర చెప్పుండ్రి" అని మొరపెట్టెను. మేము నోరు తెరచులోగా ఆ పిల్లవాడు, "పెద్దబాపూ, ఇష్టమైన పనితోనే బతికినోళ్లు మనకు తెలిసినంతల ఎవ్వరు లేరా?" అని అడిగెను. అప్పుడు మాకు సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చి ఆలోచింపగా జ్ఞప్తికి వచ్చిన పేరు రాజా దీన్‌దయాళ్. ఆయన తెలుగువాడు కాడు. కాని ఆయన కీర్తి నిలిచినది మన సికింద్రాబాదున. ఆయన వృత్తి విస్తరించినది మనము స్థిరపడిన ఈ బొంబాయిలో. పుట్టిన ఊరు విడిచి పరభాషా ప్రాంతమున బ్రదుకు కట్టుకొన్నవాడగుటచే ఆయన చరిత్రము మనవంటివారికి పరాయిది కాదు.

దీన్‌దయాళ్ 1844లో మీరటు సమీపమునందలి సర్ధానాలో, రత్నాల వ్యాపారము చేయు జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో శిక్షణ పొంది, 1866లో ఇందూరులోని పబ్లిక్ వర్క్సు శాఖ కార్యాలయమున ఉద్యోగిగా చేరెను. అంచనాలు వేయుటయు, నక్షాలు గీయుటయు ఆయన పని. ఒక గోడకు ఎంత సున్నము పట్టును, ఒక వంతెనకు ఎంత కూలి అగును అని లెక్కించుట ఆయన నిత్యకృత్యము. ఈ విషయమును చదువరులు మనసున ఉంచుకొనవలెనని మా మనవి. ఏలయన, తరువాతి కథకెల్ల ఇదియే పునాది.

ఆయన 1870వ దశకము మధ్యలో ఛాయాచిత్ర కళను అభ్యసింప మొదలిడెను. నేడు జేబులోని ఫోనుతో క్షణములో పటము తీయు మన పిల్లలకు ఆనాటి శ్రమ ఊహకందదు. అప్పటి తడిప్లేటు పద్ధతి యందు గాజుపలకను శుభ్రముగా తుడిచి, దానిపై కొల్లోడియన్ అను జిగురు ద్రవమును సమముగా పోయవలెను. పిమ్మట చీకటిలో సిల్వర్ నైట్రేటు ద్రావణమున ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి పటము తీసి, వెంటనే రసాయనములతో బింబమును తేల్పవలెను. ఆరినచో ప్లేటు చెడిపోవును. మన దేశపు ఎండలో ఆ వ్యవధి మరింత స్వల్పము. కావున కోటలకు, గుళ్లకు పోవునప్పుడు కెమెరాతోపాటు చీకటి డేరా, గాజుపలకల పెట్టెలు, సీసాలు, నీళ్లు అన్నియు బండ్లమీద వెంట రావలెను. పలక ఎంతయో పటము అంతయే; పెద్ద పటము కావలెనన్న పెద్ద కెమెరా మోయవలసినదే. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితమును ఆ పలకకు ఆనించి ఎండలో ఉంచి పటము అచ్చొత్తెడివారు. రంగు మాసిపోకుండుటకు బంగారు లవణపు ద్రావణమున దానిని కడిగెడివారు. వెండి, బంగారము ఖర్చగు వేడుక అది. నెలజీతగానికి సులభమైనది కాదు.

అట్టి వేడుక నిలుచుటకు ఆశ్రయము కావలెను. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరును, మధ్య ఇండియాలో గవర్నరు జనరలు ప్రతినిధియైన సర్ హెన్రీ డేలీయును ఆయనను ప్రోత్సహించిరి. 1875-76లో వేల్సు యువరాజు భారతయాత్ర చేసినప్పుడు పటములు తీయు అవకాశము దీన్‌దయాళ్‌కు లభించెను. 1880 తరువాత సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేల్‌ఖండ్ పర్యటనలో ఆయనను వెంట గొనిపోయెను. ఆ పురాతన కట్టడముల పటములే 1886లో గ్రిఫిన్ వ్యాఖ్యతో ఇంగ్లండున గ్రంథముగా వెలువడెను.

ఇంత పేరు వచ్చుచున్నను దీన్‌దయాళ్ కొలువును వెంటనే వదలలేదు. సుమారు పదియేండ్లు ఒక చేత నక్షాల కుంచెను, రెండవ చేత కెమెరాను పట్టుకొని సాగెను. మొదట దీర్ఘమైన సెలవు తీసికొని, దేశీయ సంస్థానములు తిరిగి పటముల వరుసను పెంచుకొనెను. వానికి గిరాకి యున్నదని నిశ్చయమైన పిదపనే, 1880వ దశకము మధ్యభాగమున, నలుబదియేండ్లు దాటు వయసున కొలువునుండి విరమించెను. కన్ను మూసికొని నూతిలో దుమికినవాడు కాడు. లోతు కొలిచి, మెట్లు చూచుకొని దిగినవాడు. అంచనాలు వేయు ఉద్యోగి తన జీవితమునకే అంచనా వేసికొనెనని మేము తలంతుము.

అదే కాలమున ఆయన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. 1885లో వైస్రాయి డఫరిన్ ప్రభువు నియామకమును లభించెను. 1886లో సికింద్రాబాదున స్టూడియో తెరచెను. హైదరాబాదు నగరమున గాక సికింద్రాబాదున తెరచుటలో వ్యాపార సూక్ష్మము కలదు. అది ఇంగ్లీషు దండు దిగిన స్థలము. బదిలీ అయి పోవు అధికారి స్నేహితులతో పటము దిగవలెను. స్వదేశమునందలి తల్లికి పటము పంపవలెను. నవాబుల కొలువు అల్లంత దూరమున నుండెను. ఒకవైపు ప్రభువుల పెద్ద పని, మరొకవైపు రోజువారీ చిల్లర గిరాకి. పెద్ద పని అరుదుగా వచ్చును, దాని సొమ్ము మెల్లగా చేతికందును. చిల్లర గిరాకి నిత్యము పొయ్యి వెలిగించును. రెండు కాళ్లమీద నిలిచిన వ్యాపారము గనుకనే అది త్వరగా కూలలేదు.

చార్మినారును, ఫలక్‌నుమాను, గోలకొండ సమాధులను, నిజాము వేటలను, దర్బారులను ఆయన స్టూడియోవారు పలకల కెక్కించిరి. 1902 ఏప్రిలులో వైస్రాయి కర్జను ప్రభువు వరంగల్లు వైపు నెక్కొండలో పులిని వేటాడిన పిదప భార్యాసమేతుడై దిగిన పటము నేటికిని ప్రసిద్ధము. మన తెలుగునేల పల్లె యొకటి లోకమునకు అట్లు కనబడెను. పటము దిగినవారు ప్రభువులే యైనను, వెనుక నిలిచిన చెట్లు మన తాతలు వదలి వచ్చిన నేల చెట్లే కదా!

దీన్‌దయాళ్ బుద్ధికుశలతకు మరియొక నిదర్శనము 1892లో హైదరాబాదున తెరచిన జనానా స్టూడియో. ఘోషా పాటించు స్త్రీలు పరపురుషుని యెదుట పటము దిగరు. ఇతరులు దానిని అడ్డుగోడగా చూచిరి. ఆయన అందు ద్వారమును చూచెను. స్త్రీలకే ప్రత్యేకించి, చుట్టును ఎత్తైన గోడలు కట్టించి, కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల వనితకు దాని యాజమాన్యమును ఒప్పగించెను. ఆచారమును పరిహసింపలేదు, పోరాడలేదు. దానికి తగిన ఏర్పాటు చేసి, ఆ గిరాకిని తన దుకాణమునకు రప్పించుకొనెను.

1894లో నిజాము ఆయనకు "రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్" అను బిరుదమిచ్చెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. నిజాము స్వయముగా ఉర్దూలో ఆయనను మెచ్చుకొనుచు ద్విపద చెప్పెనని ప్రసిద్ధి. 1893 నాటి చికాగో ప్రదర్శనమున ఆయన పటములకు బహుమానము లభించెను. 1896లో బొంబాయిలో మరియొక స్టూడియో వెలసెను. ఈ నగరమున ప్లేగు మహమ్మారి పుట్టిన యేడదియే. మన కామాఠీలు రాళ్లు మోసి భవనములు కట్టిన నగరమునకే, మనవలెనే హైదరాబాదు వైపునుండి ఆయనయు వృత్తిని వెదకికొనుచు వచ్చెను. మరుసటి యేడు విక్టోరియా రాణి ఛాయాచిత్రకారుడుగా నియామకపత్రము లభించెను. కుమారులు జ్ఞానచంద్, ధర్మచంద్‌లు తండ్రితో వృత్తిలో పాల్గొనిరి.

ఇప్పుడు మా వంటి గుమాస్తా కంటికి మాత్రమే ఆనగల ఒక సంగతి మనవి చేసెదము. దీన్‌దయాళ్ పలకలమీద సంఖ్య కలదు, స్థలము పేరు కలదు, స్టూడియో పేరు కలదు. స్టూడియోలో రిజిస్టరులు నడచుచుండెను. సంఖ్య యున్నందున, పదియేండ్ల తరువాత ఒకడు వచ్చి ఫలానా పటము మరల కావలెనన్నచో పలక తీసి అచ్చొత్తి యీయవచ్చును. ఒకసారి పడిన శ్రమకు పలుమార్లు ఫలము. ప్రేమ పటమును తీయగలదు. పద్దు పుస్తకము దానిని వృత్తిగా నిలుపగలదు. కళాకారులలో పలువురు ఈ రెండవదానిని గుమాస్తా పనియని చులకన చేయుదురు. దీన్‌దయాళ్ తానే కార్యాలయమునుండి వచ్చినవాడగుటచే చులకన చేయలేదు.

అయినను ఏ వృత్తియు శాశ్వతము కాదు. పొడిప్లేట్లు వచ్చినప్పుడు ఆయన వానిని ఉపయోగించుకొని లాభపడెను. కాని 1888లో ఈస్ట్‌మన్ కోడాక్ కెమెరా, 1900లో ఒక్క డాలరు వెలగల బ్రౌనీ కెమెరా బయలుదేరెను. ఆయనను ఇంటింటికి పిలిపించిన వేడుకయే ఇంటింటను కెమెరాగా వెలసెను. 1904లో ధర్మచంద్ మరణించెను; 1905 జూలైలో దీన్‌దయాళ్ పరమపదించెను. బొంబాయి వీథులలో మేము చిన్ననాట చూచిన స్టూడియోలు ఫోన్ల రాకతో ఒక్కటొక్కటిగా మూతపడుట చూచినవారికి ఆ మార్పు బోధపడగలదు. పని పోలేదు, పనివాని అవసరము తగ్గినది.

అయినను సంఖ్య వేసిన పలకలు నశింపలేదు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము దీన్‌దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకలను సేకరించెను. 2006లో తపాలాశాఖ ఆయన పేర స్మారక బిళ్ల వెలువరించెను. శతాబ్దము గడచినను ఆ పటము ఎక్కడిది, అందున్నవారెవరు అని చాలవరకు చెప్పగలుగుచున్నాము.

ఈ వృత్తాంతమును మేము ఆ పిల్లవానికి చెప్పితిమి. పొమ్మనియు అనలేదు, వద్దనియు అనలేదు. దీన్‌దయాళ్ పదియేండ్లు రెండు పనులు చేసెననియు, సెలవు తీసి గిరాకి చూచుకొనెననియు, లెక్క వ్రాసెననియు మాత్రము చెప్పితిమి. ఆతడు నేటికిని ఉద్యోగముననే యున్నాడు. ఆదివారములు, ముహూర్తపు దినములు కెమెరా గొని పెండ్లిండ్లకు పోవుచున్నాడు. మొన్న మా యింటికి వచ్చినప్పుడు తన పద్దు పుస్తకము తెచ్చి చూపెను. అంకెలు పొందికగానే యున్నవి. తండ్రి మొగమున కోపము తగ్గినది.

వచ్చినవాడు మా గోడమీది పటమును దింపి, దానికి నకలు తీసి యిచ్చెను. ఆ నకలు వెనుక మేము పెన్సిలుతో తాతగారి పేరు, నాయనమ్మగారి పేరు వ్రాసి, తక్కిన మువ్వురికై మూడు గీతలు గీసి ఖాళీగా వదలితిమి. కరీంనగరు వైపునుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన కుటుంబముల పెద్దలెవరైన ఆ మొగములను గుర్తింపగలరేమో యని సంఘ కార్యాలయమున ఆ నకలును ఉంచినాము. చదువరులు తమ యిండ్లలోని పాత పటములను దింపి, చెప్పగలవారు సజీవులై యుండగనే వెనుకవైపున పేరు, ఊరు, యేడు వ్రాసికొందురు గాక.