కొత్త క్లచ్ ప్లేట్లు వేయించాక గేర్లు పడటం లేదా? మళ్లీ ఇంజిన్ విప్పించే ముందు ఇవి చూడండి

అచ్చంపేట: ప్లేట్లు అరిగి బండి లాగడం లేదని షెడ్డుకు తీసుకెళ్తాం. కొత్తవి వేయిస్తాం, పికప్ తిరిగొస్తుంది. కానీ ఇంటికొచ్చే దారిలోనే ఇంకో తంటా మొదలవుతుంది. చౌరస్తాలో ఆపితే న్యూట్రల్ దొరకదు. ఫస్ట్ గేర్ 'ఠక్'మని కొట్టుకుని పడుతుంది. క్లచ్ పూర్తిగా నొక్కి పట్టుకున్నా బండి ముందుకు పాకుతుంటుంది. వెనక ఇంట్లోవాళ్లు, ముందు ట్యాంకు మీద చిన్న పిల్లలు కూర్చున్నప్పుడు ఇలా అయితే ప్రమాదమే.

చాలామంది వెంటనే 'ప్లేట్లు డూప్లికేట్ వేశాడు' అనుకుంటారు. ఒక్కోసారి నిజమే కావచ్చు. కానీ ఎక్కువసార్లు తేడా ఉండేది క్లచ్ వైరులో. ప్లేట్లు అరిగేకొద్దీ లివర్ దగ్గర ఉండే లూజు తగ్గుతూ వస్తుంది. అందుకని మనం గానీ మెకానిక్ గానీ వైరును కొంచెం కొంచెం వదులు చేస్తూ పోతాం. ఇప్పుడు పూర్తి మందంతో కొత్త ప్లేట్లు పడ్డాయి, వైరు మాత్రం పాత లెక్కలోనే ఉంది. లివర్ హ్యాండిల్‌కు తగిలేదాకా నొక్కినా లోపల ప్లేట్లు పూర్తిగా విడిపోవు. ఇంజిన్ తిప్పుడు గేర్‌బాక్స్‌కు అందుతూనే ఉంటుంది. మరి గేరు మెత్తగా ఎలా పడుతుంది?

స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండ్లకు లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల లూజు ఉండాలి, అంటే వేలి మందం. ఎక్కువుంటే ఇంజిన్ దగ్గరున్న నట్టుతో సరిచేయాలి, చిన్న తేడాకు హ్యాండిల్ దగ్గరి అడ్జస్టర్ చాలు. అలాగని లూజు అసలే లేకుండా బిగించొద్దు. అప్పుడు గేర్లు బాగానే పడతాయి గానీ ప్లేట్లు జారుతూ నెలల్లోనే కాలిపోతాయి, పెట్టిన ఖర్చంతా వృథా. వైరు పాతదైతే లివర్ దగ్గర ఒకటి రెండు పోగులు తెగి ఉన్నాయేమో కూడా చూడండి. ప్లేట్లు మార్చేటప్పుడే వైరు కూడా మార్పిస్తే మంచిది, దాని ఖర్చు తక్కువ.

తప్పు క్లచ్‌దా, గేర్‌బాక్స్‌దా అనేది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఇంజిన్ ఆపి, డబుల్ స్టాండ్ వేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో గేరు వేయండి. అన్నీ మెత్తగా పడి, ఇంజిన్ స్టార్ట్ చేశాకే గట్టిపడితే క్లచ్ విడిపోవడం లేదని అర్థం. ఇంజిన్ ఆపినా గేరు పడకపోతే గేర్ రాడ్డు వంగిందేమో, పళ్లు అరిగాయేమో చూడాలి. స్ప్లెండర్ రకం ఇంజిన్లలో గేర్లు మార్చే డ్రమ్ము, దాని స్ప్రింగు క్లచ్ వెనకే ఉంటాయి. క్లచ్ మొత్తం బయటికి తీసినప్పుడు అవి కదిలి ఉండొచ్చు. ఇది మళ్లీ విప్పి చూడాల్సిన పనే.

ఆయిల్ సంగతి కూడా ముఖ్యం. మన బండ్లలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్ మిగిలిందని పోయొద్దు, దాంట్లో కలిపే జారుడు మందుల వల్ల ప్లేట్లు పట్టు కోల్పోవచ్చు. డబ్బా మీద 'జాసో ఎంఏ' లేదా 'ఎంఏ2' అని ఉందో లేదో చూసుకోండి. స్ప్లెండర్‌కు కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ30. చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున చల్లగా ఉన్నప్పుడు ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. బండి కొన్ని రోజులు కదలకుండా ఉన్నా అంతే. అలాంటప్పుడు ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ నొక్కి, ఇంజిన్ ఆపే ఉంచి బండిని నాలుగడుగులు ముందుకు వెనక్కు తోస్తే విడిపోతాయి.

వైరు, ఆయిల్ రెండూ బాగుండి కూడా సమస్య పోకపోతే కవర్ తీయించాల్సిందే. అప్పుడు పక్కనే నిలబడి అడగండి: 'ఉస్తాద్, ప్లేట్లు ఆయిల్‌లో నానబెట్టే వేశారా? స్టీల్ ప్లేట్లు వంగలేదు కదా?' పొడి ప్లేట్లు వేస్తే మొదట్లోనే పట్టేస్తాయి, మాడతాయి కూడా. స్ప్రింగు బోల్టులు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ బిగిస్తే ప్లేటు వంకరగా లేస్తుంది. క్లచ్‌ను నెట్టే చిన్న బేరింగు వేయడం మర్చిపోయారా అన్నదీ చూడాలి. ఇంకోటి, చాలాచోట్ల వదిలేసేది: క్లచ్ గిన్నె అంచుల్లో పాత ప్లేట్లు కొట్టుకుని గాట్లు పడి ఉంటాయి. కొత్త ప్లేట్ల చెవులు ఆ గాట్లలో ఇరుక్కుంటాయి. గాట్లు లోతుగా ఉంటే గిన్నె మార్చక తప్పదు, ఎన్ని కొత్త ప్లేట్లు వేసినా లాభం లేదు.

రంగాపూర్ ఉర్సుకో, టౌన్‌లో పనికో అయితే ఎలాగోలా నెట్టుకొస్తాం. మన్ననూరు దాటి శ్రీశైలం వైపు వెళ్లేవాళ్లు మాత్రం బాగు చేయించుకునే బయల్దేరండి. అడవిలో షెడ్డు ఉండదు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు మూసేస్తారు. క్లచ్ జారుతున్న బండికి ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ పట్టు సరిగా దొరకదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. దారిలో క్లచ్ దగ్గర కాలిన వాసన వస్తే ఆపి, ఇంజిన్ చల్లారనివ్వండి. లివర్ దగ్గర లూజు చూసుకోండి. అసలే లేకపోతే అడ్జస్టర్‌ను కొంచెం లోపలికి తిప్పి వైరు వదలండి.