దుంగల ఇంటికి అప్పు లేదు, దాని కింద నేలకుంది

ఈమధ్య ఫోను తెరిస్తే చాలు ఒక రకం వీడియోలు వస్తున్నాయి, మీరూ చూసే ఉంటారు. అమెరికాలోనో కెనడాలోనో ఒకాయన అడవిలో ఒక్కడే చెట్లు కొట్టి, దుంగలు పేర్చి, రెండు మూడు నెలల్లో ఇల్లు లేపేస్తాడు. బ్యాంకు లోను లేదు, ఈఎంఐ లేదు, నా ఇల్లు నాదే అంటాడు. మనవాళ్ళు అవి చూసి "బతుకంటే అదీ" అని నాకు పంపుతున్నారు. ఇంటి లోను కిస్తీ కట్టేవాళ్ళకి అలా అనిపించడం సహజమే. కానీ ఆ దుంగల ఇంటికి దాదాపు 400 ఏళ్ళ కథ ఉంది. ఆ కథలో గొడ్డలి కన్నా భూమి కాగితమే ఎక్కువ కనిపిస్తుంది. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

దుంగల ఇల్లు అమెరికావాడి సొంత తెలివి అనుకుంటాం. కాదు. ఇంగ్లాండు నుంచి మొదట వెళ్ళినవాళ్ళకి ఆ పని తెలీదు. వాళ్ళది కుసి, బెజ్జం కొట్టి చట్రం నిలబెట్టి, దానికి పలకలు కొట్టే పద్ధతి. దానికి పనితనం ఉన్న వడ్రంగి కావాలి, కోత పలకలు కావాలి. 1638లో స్వీడన్ వాళ్ళు డెలావేర్ నది పక్కన న్యూ స్వీడన్ అని ఒక వలస పెట్టారు. తర్వాత వచ్చిన ఓడల్లో ఫిన్లాండ్ మూలమున్న అడవి రైతులు చాలామంది దిగారు. వాళ్ళ సేద్యం ఏంటో తెలుసా? మన ఏజెన్సీలో కొండల మీద చేసే పోడే. చెట్లు నరికి, ఎండబెట్టి, తగలబెట్టి, ఆ బూడిదలో రై అనే ధాన్యం చల్లేవాళ్ళు. రెండు మూడు పంటలయ్యాక ఇంకో చోటికి జరిగేవాళ్ళు. స్వీడన్ ప్రభుత్వానికేమో ఇనుప కొలుములకి బొగ్గు కావాలి, బొగ్గుకి అడవి కావాలి. అందుకని పోడు కొట్టొద్దని ఆజ్ఞలు పెట్టింది. విననివాళ్ళలో కొందరిని శిక్ష కింద ఓడెక్కించింది. అలా పోడు కొట్టినందుకు దేశం దాటించబడ్డవాళ్ళు కూడా తమతో ఈ దుంగల ఇంటి పని తీసుకెళ్ళారు. తర్వాత వచ్చిన జర్మన్లు, స్కాట్లాండు మూలమున్న ఐరిష్ వాళ్ళు దాన్ని పట్టుకుని కొండలు దాటి పడమటికి పోయారు.

అందులో కిటుకు చూడండి. అడవి నేలలో పంట వేయాలంటే చెట్టు ఎలాగూ కొట్టాలి. కొట్టిన చెట్టుని ఏం చేయాలి? తగలబెట్టాలి, లేదా ఇల్లు కట్టాలి. అంటే ఇంటి సామాను పొలం బాగుచేసుకునే పనిలోనే పుడుతుంది. డబ్బు పెట్టి కొనేది దాదాపు ఏమీ లేదు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, మొదటి దుంగల్ని నేలకి తగలకుండా వాటి మీద ఎక్కిస్తారు. నేలకి తగిలిందంటే తేమ పట్టి కుళ్ళిపోతుంది. అది మన తాటి దూలాల దగ్గరా చూశాం. ప్రతి దుంగకీ రెండు కొసల్లో గొడ్డలితో గాడి కొడతారు. పైదుంగ గాడి కిందిదాని మీద కూర్చుంటుంది. ఇల్లు పైకి పోయే కొద్దీ దాని బరువే దాన్ని బిగిస్తుంది. మేకు అక్కర్లేదు. దుంగకీ దుంగకీ మధ్య సందుల్లో చెక్కముక్కలు, నాచు కుక్కి బంకమట్టి మెత్తుతారు. పొయ్యి గొట్టం కూడా కొందరు కర్రలతో కట్టి లోపల మట్టి పూసేవాళ్ళు. అది అంటుకుంటే ఇంటికి తగలకుండా బయటికి లాగి పడెయ్యాలి! పైకప్పుకి చీల్చిన చెక్కలు పరిచి, గాలికి లేవకుండా మీద బరువు కర్రలు పెట్టేవాళ్ళు.

ఇక్కడ ఒక్క విషయంలో ఆ వీడియోలు మనకి తప్పు చెప్తున్నాయి. ఒక్కడే ఇల్లు కట్టడం అప్పట్లో అరుదు. పచ్చి దుంగ బరువు సామాన్యం కాదు. తల ఎత్తుకి గోడ లేచాక ఒక్కడు ఎక్కించలేడు. దుంగలు కొట్టి, కోసి, లాక్కొచ్చి పెట్టుకోవడం ఇంటాయన పని. గోడలు లేపే రోజు చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చేవాళ్ళు. గొడ్డలి పనిలో చెయ్యి తిరిగిన నలుగురు నాలుగు మూలలా కూర్చుని గాడులు కొడుతుంటే మిగతావాళ్ళు కింద నుంచి దుంగలు ఎక్కించేవాళ్ళు. గోడలు చాలాసార్లు ఒక్క రోజులో అయిపోయేవి. కూలి లేదు, భోజనం పెట్టాలి. రేపు ఆయన పిలిస్తే ఈయన పోవాలి. మన ఊళ్ళల్లో నాట్లకి, కోతలకి బదులు పనికి వెళ్ళడం ఎరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అప్పు లేదని అంటాం గానీ, బ్యాంకుకి లేదంతే. ఊరికి ఉంది. అది వడ్డీ లేని అప్పు, వంటితో తీర్చేది.

ఇప్పుడు అసలు కథకి వస్తాను. ఆ దుంగల ఇళ్ళలో అన్నింటికన్నా పేరుపడ్డది అబ్రహాం లింకన్ పుట్టిన ఇల్లు. 1809 ఫిబ్రవరి 12, కెంటకీ. (కెంటకీలో పాలరాతి మండపంలో ఇన్నాళ్ళూ లింకన్ పుట్టిల్లు అని చూపించిన దుంగల గుడిసె ఆయన పుట్టాక చాలా ఏళ్ళకి కొట్టిన చెట్లతో కట్టిందని తర్వాత దుంగల వలయాలు పరీక్ష చేసి తేల్చారు. భక్తి ఎక్కడైనా భక్తే.) అందరూ కొడుకు గురించి రాస్తారు. నాకు తండ్రి థామస్ లింకన్ ఎక్కువ తెలిసిన మనిషిలా అనిపిస్తాడు. రైతు, వడ్రంగి. చదువు లేదు. పేరు రాయడమే కష్టం. ఇల్లు కట్టుకోవడం ఆయనకొక లెక్క కాదు. భూమి దగ్గరే దెబ్బతిన్నాడు.

1808 చివర్లో కెంటకీలో 300 ఎకరాలు 200 డాలర్లిచ్చి కొన్నాడు. ఆ భూమికి పాత బాకీ ఒకటి, హక్కు తగాదా ఒకటి ఉన్నాయి. చివరికి భూమీ పోయింది, ఇచ్చిన డబ్బూ పోయింది. 1811లో నాబ్ క్రీక్ అనే వాగు దగ్గరికి మారాడు. అక్కడ కూడా ఈ భూమి మాదని వేరే రాష్ట్రంలో ఉన్న వారసులు ఆయన మీద, చుట్టుపక్కల రైతుల మీద దావా వేశారు. అసలు రోగం ఏంటంటే, కెంటకీలో ప్రభుత్వం ముందుగా సర్వే చేసి రాళ్ళు పాతలేదు. ఎవరికి వాళ్ళు ఆ పెద్ద చెట్టు నుంచి ఈ వాగు మలుపు దాకా అని హద్దులు రాసుకున్నారు. చెట్టు పడిపోతుంది, వాగు దారి మార్చుకుంటుంది. ఒకే నేల మీద ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి హక్కులు. మన దగ్గర కూడా రిజిస్ట్రేషన్ అంటే అమ్మకం కాగితం నమోదు చేయడమే గానీ, అమ్మినవాడికి హక్కు ఉందని ప్రభుత్వం పూచీ పడడం కాదని ఎంతమందికి తెలుసు? మోసపోయినవాళ్ళని అడగండి.

1816లో థామస్ ఇండియానాకి తరలిపోయాడు. అబ్రహాముకి అప్పుడు ఏడేళ్ళు. ఎందుకు వెళ్ళిపోయామో ఆ కొడుకే పెద్దయ్యాక రాశాడు: కొంత బానిసత్వం వల్ల, ముఖ్యంగా భూమి హక్కుల చిక్కుల వల్ల అని. ఇండియానాలో ఏం బాగుందంటే, అక్కడ 1785 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వమే ముందు కొలిచి, చదరాలు చదరాలుగా కోసి, తర్వాతే అమ్మింది. ఒక చదరం 640 ఎకరాలు, అందులో పావు 160. కొన్నవాడికి హద్దు గొడవ లేదు. పిల్లాడి చేతికి గొడ్డలిచ్చారు, అడవి కొట్టారు, దుంగల ఇల్లు లేచింది. ఇంటికి అప్పు లేదు.

నేలకి మాత్రం ఉంది. ఎకరం 2 డాలర్లు. 160 ఎకరాలకి 320. పావు వంతు కట్టి మిగతాది కిస్తీల్లో తీర్చొచ్చు. 1817లో థామస్ 80 డాలర్లు కట్టాడు. మిగతా 240 కట్టలేకపోయాడు. ఆయనొక్కడే కాదు. 1819లో మాంద్యం వచ్చి ధరలు పడిపోయాయి. దేశమంతా రైతులు ప్రభుత్వానికి భూమి కిస్తీల కింద బాకీ పడింది 2 కోట్ల డాలర్లకి పైనే. 1820లో ప్రభుత్వం కిస్తీ పద్ధతే ఎత్తేసింది. ఎకరం డాలరుంపావు, రొక్కం. పాత బాకీదారులు భూమిలో కొంత వదిలేస్తే, దానికి కట్టిన డబ్బు మిగతాదానికి జమ వేస్తామంది. 1827లో థామస్ సగం భూమి వదిలేసి, మిగతా 80 ఎకరాలకి లెక్క తేల్చుకున్నాడు. అంటే ఇల్లు లేవడానికి ఒక్క శీతాకాలం పట్టింది, దాని కింద నేల తనదని కాగితం రావడానికి పదేళ్ళు పట్టింది, అదీ సగానికే.

ఆ కిస్తీ చట్టం 1800లో తెచ్చినవాడు విలియం హెన్రీ హారిసన్. ఇండియానా గవర్నరుగా అక్కడి తెగల నుంచి ఒప్పందాల పేరుతో లక్షల ఎకరాలు రాయించుకున్నదీ ఆయనే. థామస్ కట్టుకున్న ఇంటి కింద నేల కూడా 1804 ఒప్పందంలో అలా వచ్చిందే. షానీ తెగ నాయకుడు టెకుంసే, ఈ నేల తెగలందరి ఉమ్మడిది, ఒకరిద్దరు పెద్దలు సంతకం పెడితే చెల్లదని ఎదురు తిరిగాడు, 1813 యుద్ధంలో చనిపోయాడు. ఉమ్మడి ఆస్తిలో ఒకడు సంతకం పెడితే చెల్లుతుందా అన్న ఆ ప్రశ్న మన కోర్టుల్లో రోజూ వినిపించేదే. ఇక హారిసన్ 1840లో అధ్యక్ష పదవికి దుంగల గుడిసె బొమ్మ పెట్టుకుని పోటీ చేశాడు, గెలిచాడు. ఆయన పుట్టింది వర్జీనియాలో పెద్ద భూస్వామి బంగళాలో. మన నాయకులు ఎన్నికలప్పుడు నాగలి పట్టి ఫొటో దిగితే నవ్వుతాం, అది 1840లోనే ఉంది.

ఆ మరుసటి ఏడే, ముందు వెళ్ళి ఇల్లు కట్టుకుని సాగు చేసుకుంటున్నవాడికి 160 ఎకరాల దాకా డాలరుంపావు చొప్పున కొనుక్కునే మొదటి హక్కు ఇచ్చారు. దానికి జనం పెట్టుకున్న పేరు లాగ్ క్యాబిన్ బిల్లు. దుంగల ఇల్లు అప్పటికి ఒక సాక్ష్యం అయిపోయింది. నేను ఇక్కడ ఉంటున్నాను అని చెప్పే సాక్ష్యం.

1862 మే 20న హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం పెట్టింది థామస్ కొడుకే. 160 ఎకరాలు, నేలకి ధర లేదు, ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. ఇల్లు కట్టుకోవాలి, ఐదేళ్ళు ఉండాలి, సాగు చేయాలి. పెళ్ళికాని ఆడవాళ్ళకీ, వితంతువులకీ కూడా ఇచ్చారు. మొత్తం మీద 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాలు అలా పోయాయి. నెబ్రాస్కా, కాన్సాస్ మైదానాల్లో దుంగకి చెట్టే లేదు. అక్కడివాళ్ళు గడ్డి వేళ్ళతో బిగుసుకున్న నేలని నాగలితో పెళ్ళలు పెళ్ళలుగా కోసి, ఇటుకల్లా పేర్చి ఇళ్ళు కట్టారు. వానొస్తే కారేది, పైనుంచి పాములు పడేవి. రాయలసీమ మిద్దెల్లో పెరిగినవాళ్ళు ఊహించుకోగలరు.

ఆ చట్టంలో అందరూ 160 ఎకరాలే చెప్తారు. నేను చెప్పదలుచుకున్నది నాలుగో సెక్షన్. పట్టా రాకముందు చేసిన ఏ అప్పుకీ ఆ భూమిని పట్టుకోవడానికి వీల్లేదు. అప్పులవాడు ఆ ఐదేళ్ళూ గేటు బయటే. అంతకుముందే 1839లో టెక్సాస్‌లో, ఇల్లూ 50 ఎకరాలూ అప్పు కింద జప్తు చేయకూడదని చట్టం తెచ్చారు. మైదానాల్లో చాలామందికి కష్టం పట్టా వచ్చాకే మొదలైంది. పట్టా చేతికి రాగానే నాగలికి, పశువులకి, బావికి దాన్నే తాకట్టు పెట్టారు. ఆ రోజుల్లో తనఖా అంటే మూడు నుంచి ఐదేళ్ళు. వడ్డీ కడుతూ పోవాలి, చివర్లో అసలు మొత్తం ఒకేసారి. కరువు సంవత్సరంలో గడువు వచ్చిందా, అప్పిచ్చినవాడు తిరగరాయనన్నాడా, వేలమే. చేత్తో కట్టుకున్న ఇల్లు కూడా నేలతోపాటే పోయేది.

అలాంటి రక్షణ మన చట్టంలోనూ ఉంది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్, 60వ సెక్షన్. వ్యవసాయదారుడి సొంత ఇల్లు, ఆయన అందులో కాపురం ఉంటే, మామూలు అప్పు డిక్రీ కింద జప్తు చేయకూడదు. దున్నే పశువులు, పనిముట్లు కూడా అంతే. ప్రోనోటు అప్పులవాడు వచ్చి ఇల్లు వేలం వేయిస్తానని బెదిరిస్తే ఈ మాట గుర్తుంచుకోండి. కానీ అదే ఇంటి కాగితాలు మీరే బ్యాంకులో పెట్టి సంతకం చేస్తే సంగతి వేరు. తాకట్టు పెట్టిన ఆస్తికి ఈ అడ్డు పనిచేయదు. కూతురి పెళ్ళికో, బోరుకో ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఒక్కసారి వకీలు దగ్గర కూర్చుని ఈ తేడా చెప్పించుకోండి.

థామస్ లింకన్ సంగతి మిగిలింది. 1830లో ఇండియానా వదిలి ఇల్లినాయ్ చేరాడు. ముసలితనంలో అక్కడా భూమి అమ్ముతూ కొంటూ ఉన్నాడు. 1841లో అప్పటికి వకీలుగా ఉన్న కొడుకు, తండ్రి భూమిలో 40 ఎకరాలు 200 డాలర్లిచ్చి తన పేర కొన్నాడు. కొని, తల్లిదండ్రులు బతికినంత కాలం దాన్ని వాళ్ళే అనుభవించాలని రాయించాడు. ఆ కాగితంలో ఉన్న తల్లి సవతి తల్లి, సారా. 1851లో థామస్ పోయాక ఆమె సొంత కొడుకు ఆ భూమి అమ్మేద్దామని తిరిగాడు. అబ్రహాం లింకన్ ఒప్పుకోలేదు, అమ్మకి తిండి ఎక్కణ్ణుంచి వస్తుందని ఉత్తరాలు రాశాడు. ఆ కొడుకు అధ్యక్షుడై, హత్యకి గురై పోయాక కూడా, 1869లో తను పోయేదాకా ఆమె ఆ దుంగల ఇంట్లోనే ఉంది.