లుకేమియా తగ్గిన పిల్లలకు మళ్లీ జ్వరమా? మలేరియా అనుకుని ఆగిపోవద్దు

చర్ల ఏజెన్సీలో పిల్లలకు జ్వరమొస్తే ముందు గుర్తొచ్చేది మలేరియానే. కానీ గతంలో బ్లడ్ క్యాన్సర్‌కు చికిత్స తీసుకున్న పిల్లలైతే లెక్క వేరు. మలేరియా టెస్టుతో పాటు సీబీపీ కూడా చేయించాలి. పాత ఫైల్ డాక్టర్‌కు చూపించాలి.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే బ్లడ్ క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. మొదటి నెల కీమోతోనే చాలామందిలో క్యాన్సర్ కణాలు మైక్రోస్కోప్‌కు దొరకనంతగా తగ్గిపోతాయి. అయినా కొన్ని మిగిలిపోయి మళ్లీ పెరగొచ్చు. అదే రిలాప్స్. ఎక్కువగా ఎముక మజ్జలో వస్తుంది. మెదడు చుట్టూ ఉండే ద్రవంలో, మగపిల్లల వృషణాల్లోనూ రావొచ్చు. అందుకే జ్వరం, ఒళ్లు పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలతో పాటు తలనొప్పితో వాంతులు, వృషణాల్లో నొప్పి లేని వాపు కనిపించినా వెంటనే చూపించాలి.

ఈ జబ్బు చరిత్రలో మన తెలుగువాడి పేరూ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందిలో జబ్బు తగ్గింది. 1948లో ఈ విషయం ప్రపంచానికి తెలిసింది. అయితే ఆ మెరుగు ఎక్కువకాలం నిలవలేదు, జబ్బు తిరగబెట్టింది. ఒక్క మందు సరిపోదని అప్పుడే తేలిపోయింది.

ఇప్పుడు రకరకాల మందులతో రెండేళ్లకు పైగా చికిత్స నడుస్తుంది. చివర్లో ఇంటి దగ్గరే రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికి ఒక్కసారి మాత్రమే మెథోట్రెక్సేట్. అసలు చిక్కంతా ఇక్కడే. పిల్లాడు చక్కగా బడికెళ్తుంటాడు. మాత్రలేమో అయిపోతాయి. చర్ల నుంచి భద్రాచలమే సుమారు 60 కిలోమీటర్లు, అక్కడి నుంచి హైదరాబాద్ మరో 300. రెండు రోజుల కూలి పోతుంది. 'వచ్చే నెల చూద్దాంలే' అనుకోవడం తప్పని అనడం తేలికే కానీ, ఆ ప్రయాణం తేలిక కాదు. అయితే అమెరికాలో జరిగిన ఓ అధ్యయనంలో మెర్కాప్టోప్యూరిన్ 95 శాతం కంటే తక్కువ వేసుకున్న పిల్లల్లో రిలాప్స్ ముప్పు రెండు రెట్లకు పైగా కనిపించింది. అంటే నెలకు రెండు రోజులు మిస్సైనా లెక్కలోకి వస్తుంది.

తిరగబెడితే ఇక అంతే అనుకోనక్కర్లేదు. చికిత్స ముగిసిన చాలాకాలానికి వస్తే కోలుకునే అవకాశం మెరుగు, మధ్యలోనే వస్తే కష్టం. మళ్లీ గట్టి కీమో ఇస్తారు. కొందరికి ఎముక మజ్జ మార్పిడి అవసరమవుతుంది. కార్-టీ చికిత్స కూడా వచ్చింది. రెండుసార్లు తిరగబెట్టిన ఎమిలీ వైట్‌హెడ్ అనే అమెరికా పాప 2012లో దీంతోనే కోలుకుంది.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలో పిల్లలకు చికిత్స అందుతుంది. వెళ్లేటప్పుడు పాత ఫైల్, ఆధార్, రేషన్ కార్డు తీసుకెళ్లాలి. ఆరోగ్యశ్రీ వివరాలు అక్కడి ఆరోగ్యమిత్రను అడగొచ్చు.